హైవే మీద నిద్ర, దూకుడు, రాంగ్ రూట్: మీ ప్రశ్నలకు జవాబులు

హైవేల మీద మీరు చూస్తున్నవీ, మిమ్మల్ని భయపెడుతున్నవీ రాయమని పోయిన సంచికలో అడిగితే ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. ఎక్కువ భాగం రెండు రోడ్ల గురించే. ఒకటి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి, రెండోది కర్నూలు మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరుది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా రెండు శాతం చిల్లర, చావుల్లో మాత్రం 36 శాతం వాటి మీదే. చాలా ఉత్తరాల్లో "రాసిపెట్టి ఉంది, పోయాడు" అన్న మాట కనిపించింది. మనిషి పోయిన ఇంట్లో ఆ మాట ఓదార్పుకు అనుకుంటారు, అర్థం చేసుకోగలను, కానీ ఆ ఉత్తరాల్లో చెప్పిన ఒక్కో ప్రమాదం చదువుతుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయకుండా ఉంటే అది తప్పిపోయేదే అని తెలిసిపోతోంది. అందుకే ఈసారి జవాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి.

ప్రశ్న: మా తమ్ముడు డాలస్ నుంచి చాలా ఏళ్ల తర్వాత వస్తున్నాడు. ఫ్లైట్ శంషాబాద్‌లో రాత్రి మూడింటికి దిగుతుంది. గుంటూరు నుంచి కిరాయి ఇన్నోవా మాట్లాడుకుని అందరం వెళ్లి, అట్నుంచి అటే తీసుకొచ్చేయాలని నాన్నగారి పట్టు. నాకెందుకో భయంగా ఉంది. ఇంట్లో చాదస్తం అంటున్నారు. (ఒక పాఠకురాలు, గుంటూరు)

చాదస్తం కాదమ్మా, ఆ ఇంట్లో సరిగ్గా ఆలోచిస్తున్నది మీరే. ఒక్కసారి ఆ డ్రైవర్ రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున ఆరింటికి లేచి ఊళ్లో రెండు మూడు కిరాయిలు తిప్పి ఉంటాడు. సాయంత్రం మీ ఇంటికొచ్చి ఏడెనిమిది గంటలకు బయల్దేరతాడు. ఒంటిగంటకో రెండింటికో ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో బండి పెట్టి, ఎప్పుడు ఫోన్ వస్తుందో తెలియక, సీటు వెనక్కి వాల్చుకుని సెల్ చూస్తూ కూర్చుంటాడు. విమానం దిగినా ఇమిగ్రేషన్, సామాన్లు అయ్యేసరికి నాలుగున్నర. అప్పుడు మళ్లీ స్టీరింగ్ పట్టుకుని దాదాపు మూడు వందల కిలోమీటర్లు నడపాలి. అంటే ఇరవై రెండు గంటలుగా మెలకువగా ఉన్న మనిషి చేతిలో మీ కుటుంబం మొత్తం ఉంటుంది, అది కూడా ఒళ్లు నిద్ర కోరుకునే తెల్లవారుజామున. వెనక సీట్లలో మీరంతా ఆనందంగా కబుర్లు చెప్పుకుని చౌటుప్పల్ దాటేలోపే నిద్రపోతారు, ఇక అతనితో మాట్లాడే మనిషి కూడా ఉండడు.

వంద కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రెప్ప వాలితే ఎనభై మీటర్లకు పైగా బండిని ఎవరూ నడపనట్టే. అందుకే ఇలాంటి ప్రమాదాల్లో చాలాసార్లు రోడ్డు మీద బ్రేకు గీతలు కూడా ఉండవు, ఆగి ఉన్న లారీ కిందికి బండి నేరుగా వెళ్లిపోతుంది. టీ తాగినా, అద్దం దించినా, పాటలు గట్టిగా పెట్టినా నిద్ర పోదు, కాసేపు వాయిదా పడుతుంది అంతే. నిద్రకు మందు నిద్రే. పావుగంట, ఇరవై నిమిషాలు బండి పెట్రోలు బంకులోకి తీసి పడుకుంటే కొంత తేరుకుంటారు కానీ రాత్రంతా పోయిన నిద్రకు అది సరిపోదు.

నాన్నగారికి ఇలా చెప్పి చూడండి. ఇంటిల్లిపాదీ వెళ్లొద్దు, ఇద్దరు వెళ్తే చాలు. వెళ్లినవాళ్లు ఎల్బీనగర్‌లోనో ఇంకెక్కడో చుట్టాలింట్లో దిగండి, లేదా ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక రూము తీసుకోండి. డ్రైవర్‌కు పడుకోవడానికి చోటు చూపించి, రాత్రి పదింటి నుంచి పడుకోమనండి. తమ్ముడిని సిటీ క్యాబ్‌లో రూముకు తెచ్చుకుని, స్నానాలు, టిఫిన్లు అయ్యాక ఎనిమిదింటికి బయల్దేరండి. రూము అద్దె, డ్రైవర్ బత్తా కలిపినా ఆ విమానం టిక్కెట్టు ముందు ఎంత? తమ్ముడు "నేను నడుపుతాలే" అంటే అస్సలు ఒప్పుకోవద్దు. అతని ఒంటికి అది అర్ధరాత్రో మిట్టమధ్యాహ్నమో తెలియని పరిస్థితి, పైగా అక్కడ కుడివైపు నడిపి అలవాటైన చేతులు. ఇంకొకటి, పెద్ద సూట్‌కేసులను వెనక సీటు తల ఎత్తు దాటేలా పేర్చకండి. గట్టిగా బ్రేకు పడితే ఇరవై మూడు కిలోల పెట్టె వెనక కూర్చున్నవాళ్ల మెడ మీదే వచ్చి పడుతుంది.

ప్రశ్న: మా ఆయన నెలకు రెండు మూడుసార్లు విజయవాడ కారులో వెళ్తారు, ఒక్కోసారి నేనూ పిల్లలూ కూడా. వెనకాల ఎవరైనా ఆనుకుని వచ్చి లైట్లు కొడితే ఆయనకు కోపం నషాళానికి ఎక్కుతుంది. కావాలని దారి ఇవ్వరు, ఒక్కోసారి బ్రేకు తొక్కి భయపెడతారు. "తప్పు వాడిది, నేనెందుకు తప్పుకోవాలి" అంటారు. ఏం చెప్పాలి? (వనస్థలిపురం)

తప్పు వెనకవాడిదే. అందులో అనుమానం లేదు. వంద మీద వెళ్తూ ముందు బండికి పది మీటర్ల దూరంలో ఉన్నవాడు ఏ కారణం చేతనైనా మీ కారు ఆగితే ఆగలేడు. కానీ ఆ పది మీటర్ల దూరంలో ఎవరి పిల్లలు వెనక సీట్లో కూర్చున్నారో చూడండి. మీ పిల్లలు. మీ ఆయన బ్రేకు తొక్కి భయపెట్టేది వాడినని అనుకుంటున్నారు, గుద్దితే ముందు నుజ్జయ్యేది మీ డిక్కీ, దాని వెనకాలే మీ పిల్లల సీటు.

ప్రమాదకరంగా నడిపేవాడికి బుద్ధి చెప్పే బాధ్యత మన మీద లేదు. అలాంటివాడు మన వెనక ఉండటం కంటే మన ముందు, మనకు అర కిలోమీటరు అవతల ఉండటమే క్షేమం. కాబట్టి ఇండికేటర్ వేసి, ఎడమ లైను ఖాళీ ఉందో లేదో చూసుకుని, తొందరపడకుండా పక్కకు జరిగి పోనివ్వాలి. తప్పుకోవడానికి చోటు లేకపోతే వేగం పెంచకూడదు, హఠాత్తుగా తగ్గించకూడదు, ముందు బండికి మనకు మధ్య ఖాళీ ఇంకాస్త పెంచుకోవాలి. మనం ఎక్కడైనా ఆగాల్సి వస్తే మెల్లగా ఆగొచ్చు, వెనకవాడికీ సమయం దొరుకుతుంది. ఆ ఖాళీ కొలవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ముందు బండి ఒక సైన్‌బోర్డు దాటగానే నోట్లో "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు" అనుకోండి. ఆ మూడూ పూర్తికాకముందే మీరు ఆ బోర్డు దాటేస్తే మీరు మరీ దగ్గరగా ఉన్నారు. వాన పడుతుంటే ఆరు.

మీ ఆయన కుడి లైనులోనే ఉండిపోతారా అన్నది కూడా చూడండి. కుడి లైను ఉన్నది ముందు బండిని దాటి వెళ్లడానికి, దాటాక మళ్లీ ఎడమకు వచ్చేయాలి. మన దగ్గర లోడు లారీలు కూడా కుడి లైను పట్టుకుని పోతుంటాయి. ఎడమ లైనులో ఆగి ఉన్న బళ్లు, ఆటోలు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు ఉంటాయని వాళ్ల భయం, అది నిజం కూడా. దాంతో కార్లవాళ్లు ఎడమ నుంచి కట్ కొట్టి, కుడికి వచ్చి, మళ్లీ ఎడమకు పోతూ పాములా వెళ్తారు. ఈ గందరగోళంలో తొంభైలో నిలకడగా వెళ్లేవాడే చివరికి హాయిగా చేరతాడు. నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకు గరిష్ఠ వేగం 100. దాన్ని 120కి పెంచితే హైదరాబాద్ నుంచి విజయవాడకు లెక్క మీద మిగిలేది అరగంట కన్నా తక్కువే, దాన్ని పంతంగి టోల్ దగ్గరో ఇబ్రహీంపట్నం ట్రాఫిక్‌లోనో ఎలాగూ పోగొట్టుకుంటాం. గుద్దుకుంటే తగిలే దెబ్బ మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు.

మీరు ఒకటి చేయొచ్చు. ఆయన కోపంలో ఉన్నప్పుడు వాదన పెట్టుకోకండి, "పోనివ్వండి, పిల్లలున్నారు" అని ఒక్క మాట మెల్లగా అనండి. అసలు మాట ఇంటికొచ్చాక, భోజనాల దగ్గర. వెనకవాడు నిజంగా వెంటపడి వేధిస్తుంటే నంబరు రాసుకుని 112కి ఫోన్ చేయండి, తర్వాత వచ్చే టోల్ ప్లాజాలోకో జనం ఉన్న పెట్రోలు బంకులోకో తిప్పండి. చీకట్లో రోడ్డు పక్కన ఆపి దిగకండి.

ప్రశ్న: మా ఊరు 65వ నంబరు హైవేను ఆనుకుని ఉంటుంది. పొలాలు అవతల వైపు. యూటర్న్ దాదాపు రెండు కిలోమీటర్ల దూరం. అందుకని ఊరంతా తెల్ల గీత పక్కనుంచి రాంగ్ రూట్‌లోనే పోతాం. అంచు మీద పోయినా అది నేరమేనా? ట్రాక్టర్‌తో రెండు కిలోమీటర్లు పోయి రావాలంటే డీజిల్ ఎవరిస్తారు? (ఒక యువ రైతు, సూర్యాపేట జిల్లా)

నేరమే తమ్ముడూ. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో, 2019 సవరణ తర్వాత, ట్రాఫిక్‌కు ఎదురుగా నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద పేరు పెట్టి మరీ చేర్చారు. మొదటిసారి దొరికితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

జరిమానా సంగతి పక్కన పెట్టు. నువ్వు ముప్పైలో వస్తున్నావు, ఎదురుగా కారు తొంభైలో వస్తోంది. మీ ఇద్దరి మధ్య దూరం గంటకు 120 కిలోమీటర్ల లెక్కన తరిగిపోతుంది. కారువాడి కళ్లు ముందుకు పోతున్న బళ్ల ఎర్ర లైట్లు వెతుకుతుంటాయి, ఎదురుగా వచ్చే ట్రాక్టర్‌ను ఆ చోట ఊహించవు. ట్రాక్టర్‌కు ఒక్క లైటే వెలుగుతుంటే దాన్ని బైకు అనుకుంటాడు, బైకు అనుకుని కొంచెమే తప్పుకుంటాడు. ట్రాలీ మిగతా వెడల్పు వాడికి కనిపించేసరికి టైము ఉండదు. మీ జిల్లాలోనే మునగాల మండలం ఆకుపాముల దగ్గర 2014 డిసెంబరులో నందమూరి జానకిరామ్ కారు ట్రాక్టర్‌ను ఢీకొని ఆయన చనిపోయారు. పేరున్న మనిషి కాబట్టి మనకు గుర్తుంది. పేరు లేని వాళ్లు ఆ రోడ్డు పొడవునా ఎంతమందో మీ ఊళ్లోనే లెక్క చెప్పగలరు.

ఇక నీ రెండో ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. పొలాన్నీ ఊరినీ విడదీసి మధ్యలో డివైడర్ కట్టి, దాటడానికి దారి చూపించకుండా "రాంగ్ రూట్‌లో రావొద్దు" అని బోర్డు పెడితే సరిపోదు. రోడ్డు వేసినవాళ్లదీ బాధ్యతే. అదే చట్టంలో 198ఎ సెక్షన్ ఉంది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేకపోవడం వల్ల మనిషి చనిపోయినా అంగవైకల్యం వచ్చినా కాంట్రాక్టరుకూ బాధ్యులైన సంస్థకూ లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కాబట్టి ఊరంతా కలిసి అడగండి. గ్రామ పంచాయతీలో తీర్మానం చేసి, ఆ చోట ఇంతకుముందు జరిగిన ప్రమాదాల ఎఫ్ఐఆర్ నంబర్లు స్టేషన్ నుంచి తీసుకుని జత చేసి, ఒక కాపీ జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్‌కు, ఒక కాపీ కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ఇవ్వండి. అర కిలోమీటరు పొడవులో మూడేళ్లలో చావులో పెద్ద గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరిగితే, లేదా పది మంది చనిపోతే, ఆ చోటును బ్లాక్‌స్పాట్‌గా గుర్తించాలి. సర్వీస్ రోడ్డు, అండర్‌పాస్ అడిగేటప్పుడు ఈ లెక్క చేతిలో ఉంటే అధికారి తేలిగ్గా పక్కన పెట్టలేడు. మీరే డివైడర్ పగలగొట్టి సందు చేసుకోవడం మాత్రం వద్దు, అలాంటి సందుల దగ్గర పోయిన ప్రాణాలకు లెక్కే లేదు.

అడిగారు కాబట్టి ఇంకోమాట. కోతల రోజుల్లో సర్వీస్ రోడ్ల మీదా, ఒక్కోచోట మెయిన్ రోడ్డు మీదా వడ్లు ఆరబోసి, పక్కన రాళ్లు పేర్చి, రాత్రికి నల్ల పట్టా కప్పుతారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, చీకట్లో బైకువాడికి అది కుప్ప అని తెలిసేది దాని మీదికి ఎక్కాకే. కళ్లాలకు చోటు లేదని తెలుసు, పంట తడిస్తే రైతు ఏమవుతాడో కూడా తెలుసు. అయినా రోడ్డు మీద పోయకండి. పోసి ఉన్న ఊళ్లోవాళ్లు ఇది చదువుతుంటే కనీసం ఈ రాత్రికి ఆ రాళ్లు తీసేయండి.

ప్రశ్న: ఏ ప్రమాదం జరిగినా లారీ డ్రైవర్‌నే కొడతారు. ఆగి ఉన్న లారీని కారువాడొచ్చి గుద్దినా తప్పు మాదేనంటారు. మేం ఎక్కడ ఆపుకోవాలి? ఓనర్ పొద్దునకల్లా చెన్నైలో ఉండాలంటాడు. (ఒక లారీ డ్రైవర్, విజయవాడ)

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను డ్రైవర్ గారూ. మీ మాటలో నిజం ఉంది. చెన్నై వెళ్లే 16వ నంబరు రోడ్డు మీద లారీలు ఆగడానికి ఉన్న చోట్లు తిరిగే లారీలకు చాలవు. ఉన్న ఒకటీ అరా చోట కూడా నీళ్లు, బాత్రూమ్ సరిగా ఉండవు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, 2025 నవంబరులో రద్దయ్యేదాకా, రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి అని చెప్పింది. ఆ చట్టం ఉండేదని మీ ఓనర్లలో ఎంతమందికి తెలుసో గానీ, "పొద్దునకల్లా" అని ఫోన్లో చెప్పినవాడు ప్రమాదం జరిగిన చోట ఎప్పుడూ ఉండడు. కొట్టడం నేరం. ప్రమాదం జరిగాక డ్రైవర్ మీద చేయి చేసుకోవడం వల్లే చాలామంది డ్రైవర్లు గాయపడ్డవాళ్లను వదిలి పారిపోతున్నారు, అది పాఠకులంతా గుర్తుంచుకోవాలి.

ఇక మీరు చేయగలిగినవి. రాత్రిపూట డిమ్ లైట్లతో వచ్చే కారువాడికి స్పష్టంగా కనిపించేది యాభై అరవై మీటర్లు. వంద మీద వెళ్తున్న కారు ఆగడానికి, కంటికి కనిపించి కాలు బ్రేకు మీదికి వెళ్లే సమయం కూడా కలిపితే, దాదాపు వంద మీటర్లు కావాలి. ఆ లెక్కలోనే ఉంది అంతా. వెనక లైటు వెలగని, బురద కొట్టుకుపోయిన రిఫ్లెక్టర్ స్టిక్కర్ ఉన్న లారీ రోడ్డు మీద ఆగి ఉంటే, కారువాడు చూసేసరికే ఆపలేని దూరంలో ఉంటాడు. అందుకని డాబా దగ్గర ఆపినప్పుడల్లా క్లీనర్‌తో ఒక తడిగుడ్డ పెట్టి వెనక లైట్లు, స్టిక్కర్లు తుడిపించండి. రెండు నిమిషాల పని. బ్రేక్‌డౌన్ అయితే బ్లింకర్లు వేసి, త్రికోణం బోర్డు బండికి బాగా వెనక, కనీసం యాభై మీటర్లు దాటించి పెట్టండి, 1033కి ఫోన్ చేస్తే హైవే పెట్రోలింగ్ బండి, క్రేను వస్తాయి. చెట్టుకొమ్మలు, బండరాళ్లు గుర్తుగా పెట్టి, రిపేరు అయ్యాక వాటిని అక్కడే వదిలేసి పోవడం చాలాసార్లు చూస్తున్నాం. తర్వాత వచ్చే బైకువాడు ఆ రాయికే బలైపోతున్నాడు. ఆ రాయి తీసి పక్కన పడేశాకే బండి కదిలించండి, దయచేసి.

కార్లవాళ్లకు కూడా ఇక్కడే ఒక మాట: లారీ సైడు అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడకపోతే మీరు అతనికి కనబడటం లేదు. లోడు లారీ ముందుకు కట్ కొట్టి దూరి బ్రేకు వేస్తే, అది మీలాగా ఆగలేదు.

ప్రశ్న: వెనక సీట్లో కూర్చున్నవాళ్లకూ బెల్టు తప్పనిసరా? (హనుమకొండ)

తప్పనిసరే, జరిమానా వెయ్యి రూపాయలు. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు ఆయన వెనక సీట్లోనే ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. బెల్టు లేని వెనక మనిషి ముందు సీటు మనిషిని కూడా చంపగలడు. చంటిపిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మానేయండి.

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం. పండక్కీ పబ్బానికీ ట్రావెల్స్ స్లీపర్ బస్సులో వస్తుంది. కర్నూలు దగ్గర బస్సు కాలిపోయినప్పటి నుంచి, అది బస్సెక్కిన రాత్రి నాకు కంటిమీద కునుకు ఉండటం లేదు. బస్సు మానేయమనాలా? (ఒక తల్లి, మహబూబ్‌నగర్)

మీకు ఇంకో భయం కూడా గుర్తుండే ఉంటుంది. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కల్వర్టు గోడను గుద్దుకుని కాలిపోయి 45 మంది చనిపోయారు. పన్నెండేళ్ల తర్వాత, 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, అదే 44వ నంబరు రోడ్డు మీద చిన్నటేకూరు దగ్గర ఇంకో బస్సు. అప్పటికే రోడ్డు మీద పడిపోయి ఉన్న బైకును బస్సు ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి, నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు పోయారు. ఆ బైకు నడిపిన కుర్రాడు అంతకుముందే కిందపడి చనిపోయాడు. రెండుసార్లూ ఎక్కువమంది మంటలకే చనిపోయారు, బయటికి రావడానికి దొరికింది కొద్ది క్షణాలే.

వీలున్నప్పుడు రైలే మేలు. 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ నడుస్తోంది, మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. టిక్కెట్టు దొరక్క బస్సే ఎక్కాల్సి వస్తే అమ్మాయికి ఇవి చెప్పండి. ఎక్కగానే బెర్తు మీద వాలిపోకుండా ఒకసారి బస్సు చివరిదాకా నడవాలి. ఎమర్జెన్సీ తలుపు ఎక్కడుంది, దాని ముందు సామాన్లు అడ్డంగా ఉన్నాయా, అద్దం పగలగొట్టే సుత్తి తన బెర్తుకు దగ్గరలో ఉందా అని కళ్లతో చూసుకోవాలి. సుత్తి లేకపోతే, తలుపు మూసుకుపోయి ఉంటే, బస్సు కదలకముందే అడగాలి, ఫోటో తీసి రవాణా శాఖకు పంపాలి. అద్దాన్ని మధ్యలో కొడితే తేలిగ్గా పగలదు, మూల దగ్గర కొట్టాలి. చెప్పులు, ఫోను పక్కనే పెట్టుకుని పడుకోవాలి. పొగ వస్తే వంగి, కిందికి కిందికే కదలాలి, ఎందుకంటే పై బెర్తుల ఎత్తులోనే పొగ ముందు నిండుతుంది. బ్యాగు కోసం వెనక్కి తిరగొద్దు. బస్సు వేగం ఫోన్లోనే తెలిసిపోతుంది. నాలుగు లైన్ల రోడ్డు మీద బస్సుకు గరిష్ఠం 90. నూట పది మీద పోతుంటే డ్రైవర్ క్యాబిన్ దగ్గరికి వెళ్లి ఆడపిల్ల ఒక్కతే అడగడం కష్టం, పక్కవాళ్లను ఇద్దరినీ లేపి అడగమనండి. ఇద్దరు డ్రైవర్లు ఉన్నారా, రెండోవాడు నిజంగా పడుకుంటున్నాడా అన్నది కూడా చూడాలి.

ప్రశ్న: ఒంగోలు బైపాస్ మీద రాత్రి ఒక బైకు ప్రమాదం చూశాం. బళ్లు ఆగకుండా పోతున్నాయి. మేం ఆగబోతే "కేసుల్లో ఇరుక్కుంటారు" అని మాతో ఉన్న పెద్దాయన వద్దన్నారు. నిజంగా ఇరుక్కుంటామా? (ఇంజినీరింగ్ విద్యార్థి)

ఇరుక్కోరు. ఆ భయం మనుషుల్ని చంపేస్తోంది. సుప్రీంకోర్టు 2016లోనే సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చింది, 2019 సవరణలో 134ఎ సెక్షన్‌గా అది మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది. గాయపడ్డవాళ్లను మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరు, అడ్రసు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆసుపత్రివాళ్లు డబ్బు కట్టేదాకా మిమ్మల్ని ఆపకూడదు. పైగా 2025 నుంచి గోల్డెన్ అవర్‌లోపు, అంటే ప్రమాదం జరిగిన తొలి గంటలో, క్షతగాత్రుల్ని ఆసుపత్రికి చేర్చినవాళ్లకు కేంద్రం ఇచ్చే బహుమతి ఐదు వేల నుంచి 25 వేలు అయింది. అదే ఏడాది మే నెలలో వచ్చిన పథకం కింద ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు నగదు కట్టకుండా వైద్యం అందాలి. "డబ్బు కట్టాకే చేర్చుకుంటాం" అని ఏ ఆసుపత్రి అన్నా ఈ పథకం గురించి గట్టిగా అడగండి.

అయితే సాయానికి దిగినవాళ్లు తర్వాతి బండి కింద పడి చనిపోయిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ముందు మీ బండిని ప్రమాద స్థలం దాటించి ఎడమ అంచుకు పూర్తిగా తీసి, బ్లింకర్లు వేయండి. ఒకరు రోడ్డు అంచు బయటే నిలబడి, బాగా వెనక్కి వెళ్లి, ఫోన్ టార్చి ఊపుతూ వచ్చే బళ్లను హెచ్చరించాలి. ఇంకొకరు 108కి, 1033కి ఫోన్ చేసి పక్కన కిలోమీటరు రాయి మీద అంకె చదివి చెప్పాలి, "ఒంగోలు దాటాక ఎక్కడో" అంటే అంబులెన్సు అవతలి వైపు రోడ్డులో వచ్చి పడుతుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి, ఎవరైనా వచ్చేదాకా వదలొద్దు. నీళ్లు తాగించకండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి, మెడ కదిలించకండి, కాళ్లూ చేతులూ మడిచి ఆటోలో కుక్కకండి. మంటలు ఉంటే అది వేరే సంగతి, ముందు దూరంగా లాగేయాల్సిందే. మనిషి చనిపోయాడనుకుని వదిలేసిన బైకు కూడా రోడ్డు మధ్యలో ఉంటే ఇంకో ప్రమాదం తెస్తుంది, చిన్నటేకూరులో జరిగింది అదే. వీడియో తీస్తున్నవాళ్లుంటే వాళ్ల చేతికి పని చెప్పండి, "అన్నా, మీరు అటు వెళ్లి లైటు ఊపండి" అంటే చాలామంది కదులుతారు.

ప్రశ్న: మా బాబాయి జనగామ దగ్గర రోడ్డు దాటుతుంటే ఏదో కారు గుద్ది ఆపకుండా పోయింది. ఆయన దక్కలేదు. బండి నంబరు తెలియదు. పిన్నికి ఏమైనా వస్తుందా? (జనగామ)

వస్తుంది. బండి ఏదో తెలియని కేసులకే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద పథకం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి రెండు లక్షలు, తీవ్రమైన గాయాలకు యాభై వేలు. చాలా కుటుంబాలు దీని గురించి వినక అడగడం లేదు. ముందు స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు తీసుకోండి. ఆయన, పిన్ని ఆధార్ కార్డులు, పిన్ని బ్యాంకు పాస్‌బుక్, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం జత చేసి, నిర్ణీత ఫారంలో ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి, రసీదు మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు. విచారణ అక్కడ జరిగి కలెక్టర్ ఆఫీసు నుంచి మంజూరవుతుంది. ఈలోగా ఆ రోజు ఆ దారిలో ఉన్న టోల్ ప్లాజా, పెట్రోలు బంకుల సీసీ కెమెరాలు చూడమని ఎస్సైకి రాతపూర్వకంగా ఇవ్వండి, ఫుటేజీ ఎక్కువ రోజులు నిలవ ఉండదు కాబట్టి ఈ పని రేపే చేయండి. కారు దొరికితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో అసలు పరిహారం కోసం కేసు వేయొచ్చు, అది వచ్చినప్పుడు ఈ రెండు లక్షలు తిరిగి కట్టాల్సి ఉంటుంది. పిన్ని చేత ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని "మేం చూసుకుంటాం" అని వచ్చే మధ్యవర్తులు ఉంటారు, వాళ్లను గడప తొక్కనివ్వకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, మహిళలకు అక్కడ లాయరును ఉచితంగా పెడతారు.